గొలుసులోని చేప

నా చిన్నప్పుడు మెదకు వీధుల్లో మోటారు సైకిల్ చప్పుడు వినబడితే పిల్లలం నోటి దగ్గరి ముద్దను వదిలేసి బయటికి పరుగెత్తేవాళ్ళం. బండి పోయాక కూడా ఆ పెట్రోలు వాసన పీలుస్తూ కాసేపు అక్కడే నిలబడేవాళ్ళం. అలాంటి రోజుల్లో ఒకటి కాదు, మూడు మోటారు సైకిళ్ళను దగ్గరగా చూసి, తాకి, గుడ్డతో తుడిచే భాగ్యం నాకు దక్కింది. అదంతా మా మేనమామ చలవ.

మా అమ్మ నా తర్వాతి కాన్పులో పోయింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని కనిపెట్టేసరికే ఆలస్యమైందట. అమ్మ ముఖం నాకు సరిగా గుర్తు లేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మా అమ్మమ్మ లేచి లోపలికి వెళ్ళిపోవడం మాత్రం గుర్తు. మా నాయన మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోతే, అక్కనూ నన్నూ అమ్మమ్మే తెచ్చుకుని పెంచింది. ఖిల్లా గుట్ట కింద రెండర్రల పెంకుటిల్లు మాది. ఇంటికి మగదిక్కు మా మామ ఒక్కడే. అతనికి అప్పటికి పెళ్ళి కాలేదు.

మామ ఒక దొర బంగళాలో పని చేసేవాడు. ఆ దొరకు మోటారు సైకిళ్ళంటే తగని మోజు. ఒకటి వాళ్ళ నాయన కాలంనాటిది. పెద్ద యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు అమ్మేస్తుంటే కొన్నది ఇంకొకటి. మూడోది సీమ నుంచి ఓడలో తెప్పించిన కొత్త బండి. దొర ఎక్కడం తక్కువ, చూసుకోవడం ఎక్కువ. వాటిని కడగడం, నడిపి చూడడం, చెడితే బాగు చేయడం అన్నీ మామ పనులే. నేను రోజూ మధ్యాహ్నం మామకు సద్ది తీసుకుపోయేదాన్ని. అతను తింటున్నంత సేపూ బండ్లు పెట్టే షెడ్డులో నాదే రాజ్యం.

ఒకరోజు బండ్లు తుడుస్తూ ఒక సంగతి గమనించాను. మూడింటికీ ముందు చక్రం ఒకలాగే ఉంది. వెనక చక్రం దగ్గరే తేడా.

"మామా, ముసలి బండికి తోలు పట్టా ఉన్నది. మిలిటరీ బండికి సైకిలుకున్నట్టు గొలుసున్నది. కొత్తదానికి ఏం లేదేంది?"

"ఏం లేదంటవేందే కోడలా. ఉన్నది. కనవడది, అంతే."

అతను చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. మామకు ఏదైనా చెప్పడమంటే ఇష్టం. వినేవాళ్ళు దొరక్క నాలాంటి దానికి చెప్పేవాడేమో అని ఇప్పుడనిపిస్తుంది. "ఇంజను ముందట ఉంటది. తిరగాల్సిందేమో ఎనక చక్రం. ముందటి బలం ఎనకకు ఎట్ల పోవాలె? లొల్లంత గక్కడనే ఉన్నది" అన్నాడు.

పట్టా బండి అమ్మమ్మ రాట్నం లాంటిదట. పెద్ద చక్రం తిరిగితే తాడు కదురును తిప్పుతుంది చూడు, అలా. మెత్తగా లాగుతుంది, చప్పుడుండదు, గుంతలో పడ్డా కుదుపు తెలియదు. కానీ అది పట్టుకునేది రాపిడితోనే. తడిసిందంటే జారుతుంది. గొలుసు అలా కాదు, పన్నుపన్నుకూ పట్టుకుంటుంది, జారదు. అయితే దానికి నూనె కావాలి, బురద తింటుంది, సాగుతుంది, పోయినంత దూరం ఒకటే లొల్లి చేస్తుంది. ఇక కొత్త బండి సంగతి చెప్పడానికి అతను తన రెండు చేతుల వేళ్ళూ విప్పి, ఒక చేతి వేళ్ళ సందుల్లో రెండో చేతి వేళ్ళను అడ్డంగా దూర్చి తిప్పి చూపించాడు. గొట్టం లోపల ఒక ఉక్కు కడ్డీ తిరుగుతుందట, దాన్ని శాఫ్టు అంటారట. దాని కొసన పళ్ళ చక్రం, దానికి అడ్డంగా ఇంకో పళ్ళ చక్రం. అన్నీ నూనెలో మునిగి, మూత పెట్టి ఉంటాయి. వాన తగలదు, దుమ్ము తగలదు, ఏళ్ళ తరబడి దాని జోలికి పోనక్కర్లేదు.

"అయితె గదే మంచిది" అన్నాను.

"ఎక్కడికి పోతవో ముందుగాల చెప్పు. గప్పుడు ఏది మంచిదో నేను చెప్త."

"పట్నం పోత."

"పట్నమైతె శాఫ్టుది. రోడ్డు సాఫ్‌గ ఉంటది. ఖరాబైతె విప్పనీకి ఆడ కార్ఖానలున్నయి."

"చర్చి దాక పోత."

"పట్టాది ఎక్కు. దొరసాని లెక్క మెల్లగ పోయి మెల్లగ రావొచ్చు."

"అక్కోళ్ళ ఊరికి పోత."

మామ ఈసారి నవ్వలేదు. "గొలుసుది" అన్నాడు. "బురద తొవ్వ. ఏదన్నయితె పక్కకు కూసోని మన చేతులతోని మనమే జేసుకోవాలె."

అక్కను అంతకు ముందు ఏడాదే తూప్రాన్ పోయే తొవ్వలో లోపలికి ఉండే ఒక పల్లెకు ఇచ్చాం. అప్పుడు నిండు నెలలతో ఉంది. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలని అమ్మమ్మ పట్టుదల. మెదకులో మిషన్ దవాఖానా ఉండడం ఇంకో ధైర్యం. కానీ ఎడ్లను కట్టి కచ్చరం బండితో మనిషిని పంపితే సగం దారిలోంచి తిరిగి వచ్చాడు. ఊళ్ళలో సంఘం వాళ్ళు దొరల మీద తిరగబడుతున్న రోజులవి. రోడ్ల మీద తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు వేరే ఉన్నారు. పగలు ఒకరి భయం, చీకటి పడితే ఇంకొకరి భయం. రోడ్డు కింది మోరీలు తవ్వేశారని, చెట్లు నరికి అడ్డం వేశారని రోజుకొక కబురు. దొర కుటుంబంతో సహా కారెక్కి పట్నం వెళ్ళిపోతూ షెడ్డు తాళంచెవి మామ చేతిలో పెట్టాడు. అమ్మమ్మ రాట్నం ముందు కూర్చుంటుందే గానీ చూపు తలుపు మీదే ఉండేది.

ఆ దిగుల్లోనే పొలాల అమావాస్య వచ్చింది. మా వైపు ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి, మెడలో దండలు వేసి మొక్కుతారు. తాత పోయాక మా ఎడ్లు అమ్ముడయ్యాయి. ఆ ఏడు ఏమనుకుందో ఏమో, అమ్మమ్మ ఒక చెంబులో మంచినూనె, పసుపు కుంకుమలు, బంతిపూల దండలు పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు బయలుదేరింది. మాకు అన్నం పెట్టేవి ఆ బండ్లే కాబట్టి అవే మా ఎడ్లని ఆమె లెక్క. మూడింటి చేతి పిడులకూ కొమ్ములకు రాసినట్టు నూనె రాసింది. దీపాలకు బొట్లు పెట్టింది. తిరిగేది ఏది కనబడితే దానికి దోసెడు నూనె పట్టించింది. గొలుసుకు పట్టించింది. తోలు పట్టాకు ఇంకా ప్రేమగా, తోలు ఎండిపోయిందని జాలిపడి, రెండుసార్లు పట్టించింది. కొత్త బండి చుట్టూ తిరిగి తిరిగి నూనె రాసే చోటు దొరక్క, ఆ మూత గొట్టం మీద ఒక బొట్టు పెట్టి ఊరుకుంది.

అప్పుడే మామ వచ్చాడు. గొలుసును చూసి నవ్వాడు. పట్టాను చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏం జేస్తివే అమ్మా. గొలుసు నూనె తాగితె పరుగెడ్తది. పట్టా నూనె తాగితె సోయి దప్పుతది."

"ఎద్దుకు రాస్తె లేని తప్పు దీనికొచ్చిందా? తోలే గదరా అది గూడ" అంది అమ్మమ్మ.

 సాయంత్రం ఇంటికి వచ్చాక మామ రాట్నం తాడుకు వేలితో నూనె రాసి, నన్ను తిప్పమన్నాడు. పెద్ద చక్రం గిరగిరా తిరిగింది. కదురు మాత్రం కదలకుండా కూర్చుంది. నాకు నవ్వాగలేదు. అమ్మమ్మ మాత్రం "తల్లికి బుద్ధి చెప్పనీకి నా రాట్నమే దొరికిందార నీకు" అని తాడు విప్పుకుని పోయి బూడిదతో రుద్దుకుంది. రేపు పట్టాను తుడుస్తానన్నాడు మామ. కానీ ఆ రేపు వేరే పని మీద పడ్డాడు.

తుపాకుల వాళ్ళు ఎక్కడ బండి కనబడితే అక్కడ పట్టుకుపోతున్నారని కబురు వచ్చింది. మామ నన్ను గొలుసు బండి పక్కన కూర్చోబెట్టుకుని, గొలుసును మెల్లగా తిప్పుతూ ఒక చోట ఆపాడు.

"గొలుసుకు మొదలూ కొసా లేదనుకుంటరు అందరు. ఒక్క జాగల ఉన్నది, చూడు."

చూశాను. అన్ని లంకెలూ ఒకలాగే ఉంటే, ఒక్క లంకె మీద మాత్రం చిన్న రేకు పిన్ను ఉంది. అచ్చం చేపపిల్ల లాగా ఉంది. ఒక కొస గుండ్రంగా మూసుకుని తలలా, ఇంకో కొస రెండుగా చీలి తోకలా. దాన్ని పక్కకు నెడితే టక్కున ఊడింది. లంకె చేతిలోకి వచ్చింది, గొలుసు పాములా కింద పడింది.

"ఇంజను ప్లగ్గు తీసి దాస్తె లాభం లేదు, అసొంటియి వాళ్ళ దగ్గర శానా ఉంటయి. గీ లంకె మెదకుల దొరకది" అన్నాడు. కొత్త బండికి ఇలా తీసి దాచేది ఏమీ లేదా అని అడిగాను. "దాన్ని విప్పాల్నంటె నాతోని గాదు బిడ్డా. ఎవరు ఎక్కుతె వాళ్ళతోని పోతది" అన్నాడు.

లంకెనూ చేపనూ చిన్న గుడ్డలో మూటకట్టి నా మొలతాడుకు కట్టాడు. అమ్మమ్మకు కూడా చెప్పొద్దన్నాడు. ఇంత పెద్ద బండి నా నడుముకు వేలాడుతున్నట్టు అనిపించి, ఆ రాత్రి బోర్లా పడుకోలేకపోయాను.

వాళ్ళు రానే వచ్చారు. నేను సద్ది తీసుకుని షెడ్డులో అడుగు పెట్టిన వెనకే ముగ్గురు వచ్చారు. వాళ్ళు ఏ పక్షమో చెప్పలేదు, మేము అడగలేదు. ఒకడు ముసలి బండిని కాలితో తన్ని లేపాడు. ఇంజను పటపటమని గట్టిగానే మోగింది. ఎక్కి గేరు వేస్తే పట్టా నూనె మీద జరజరా జారింది గానీ చక్రం మాత్రం కదలలేదు.

"ముసల్ది గురక వెడ్తున్నది గని లేస్తలేదు భాయ్" అని పక్కవాడు నవ్వాడు. బంతిపూల దండ చూసి ఇంకా నవ్వారు.

గొలుసు బండి దగ్గర వాళ్ళు నవ్వలేదు. గొలుసు తెగిపోయింది, పట్నం నుంచి తెప్పించాలి అన్నాడు మామ. మూడోవాడు వంగి గొలుసు కొసను చేతిలోకి తీసుకుని చూశాడు. తెగిన గుర్తు లేదు. అతను లేచి, సీటు మీద ఉన్న మామ ఎడమ చేతి మీద తుపాకి మడమతో కొట్టాడు.

"ఏడ వెట్టినవ్, చెప్పు."

"లేనిది ఏడకెల్లి తేవాలె" అన్నాడు మామ. మాట మార్చలేదు.

నేను సద్దిమూటను రెండు చేతులతో గుండెకు హత్తుకుని నిలబడ్డాను. నా చేయి దానంతట అదే నడుము మీదికి పోతుందేమోనని నా భయం. చివరికి వాళ్ళు కొత్త బండిని తీసుకున్నారు. అది ఒక్క తన్నుకే లేచింది, చప్పుడు లేకుండా మెత్తగా గేటు దాటి పోయింది. మామ నీళ్ళ తొట్టిలో చెయ్యి ముంచి, బండి పోయిన వైపే చూస్తూ, "ఎంత సల్లగ పోయిందో చూసినవా" అన్నాడు. అంత నొప్పిలోనూ అతనికి ఆ బండి మీద గర్వమే. బొటనవేలు మాత్రం అప్పటికే వంకాయలా ఉబ్బింది.

తర్వాత కొన్నాళ్ళకే సరిహద్దు దాటి మిలిటరీ వస్తోందని గుప్పుమంది. ఆకాశంలో విమానం పోతే ఖిల్లా గుట్ట అదిరినట్టుండేది. బజారు మూతబడింది. ముసురు పట్టి వాన కురుస్తూనే ఉంది. అలాంటి ఒక ఉదయం అక్క మరిది మా గడపలో వచ్చి కూలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద. నడుచుకుంటూ వచ్చాడట.

"వదినకు నిన్నట్నుంచి నొప్పులు. మంత్రసాని చెయ్యి వెట్టి చూసి అడ్డమున్నదన్నది. ఎవలనన్న తోలుకరమ్మన్నరు."

అమ్మమ్మ ఈసారి లేచి లోపలికి వెళ్ళిపోలేదు. మామ ముఖంలోకి చూసి, "ఒకదాన్ని చూసుకుంటనే పోగొట్టిన కొడకా" అంది. అంతే అంది.

మామ దవాఖానాకు పరుగెత్తాడు. అక్కడి నర్సమ్మ ఒకామె, నడివయసు మనిషి, బండి ఉంటే వస్తానంది. ఆమె పెట్టె సర్దుకునేలోపు మామ, నేను, అమ్మమ్మ షెడ్డుకు చేరాం. ముసలి బండి ట్యాంకులోని పెట్రోలు కాస్తా గొలుసు బండిలోకి పోశాడు. గొలుసును రెండు చక్రాల మీదుగా చుట్టి తెచ్చి కొసలు కలిపాడు. నేను మూట విప్పి ఇచ్చాను. అప్పుడు తెలిసింది, అతని ఎడమ బొటనవేలు వంగడం లేదు. లంకె జారి నేల మీద పడింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ పడింది. 

"కోడలా, ఇటు రా. నీ వేళ్ళు సన్నగున్నయి" అన్నాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. అతను రెండు కొసలనూ అరచేతులతో దగ్గరికి పట్టి ఉంచాడు. లంకె బొడిపెలను రంధ్రాల్లోకి దూర్చాను. పైన లంకె మూత రేకు పెట్టాను. చేపను గాడిలోకి నెట్టాను, టక్కుమంది. పని అయిపోయిందని తలెత్తితే మామ లేవలేదు. తప్పు అని కూడా అనలేదు.

"బండి ముందటికి పోయేటప్పుడు గొలుసు నీ చేతికాడ ఎటు ఉరుకుతది?"

చూపించాను.

"మరి చేప ఎప్పుడన్న తోకను ముందట వెట్టి ఈదుతదా?"

చూసుకుంటే నేను పెట్టిన చేపకు తోక ముందుంది. "తోక ముందుంటె ఏ రాయో రప్పో తలుగుతది, పిన్ను ఊడుతది. అక్క ఆడ్నే, మేము తొవ్వలనే. జర నెమ్మదిగ తీసి తిప్పి వెట్టు. తొందరేం లేదు" అన్నాడు. ఆ రోజు అంత తొందర ఇంకెవరికీ ఉండదు. అయినా తొందరేం లేదన్నాడు. ఆ మాట వల్లే నా వేళ్ళు కుదురుకున్నాయి. చేపను తీసి, తల ముందుకు తిప్పి, మళ్ళీ నెట్టాను. మామ వేలితో తడిమి చూసి, "ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు.

బండి ముందు ఒక కర్రకు అమ్మమ్మ తెల్ల కొంగు చింపి కట్టింది. నర్సమ్మ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, తెల్ల చీర మీద గోనెపట్టా కప్పుకుని వెనక ఒక పక్కగా కూర్చుంది. గొలుసు గరగరా లొల్లి చేసుకుంటూ వానలో కలిసిపోయింది. అక్క మరిదిని మా ఇంట్లోనే పడుకోబెట్టాం.

మేమిద్దరం షెడ్డులోనే ఉండిపోయాం. ఇంటికి పోదామంటే అమ్మమ్మ కదల్లేదు. కాసేపటికి లేచి, దొర వంటింటి పొయ్యిలోని బూడిద చేటలో తెచ్చుకుని, ముసలి బండి ముందు కూర్చుని పట్టాను రుద్దడం మొదలుపెట్టింది. ఎందుకమ్మమ్మా, మామ దాని మీద పోలేదు కదా అన్నాను. "గొలుసుది తొవ్వల ఆగితె మీ మామ నడిచొస్తడు. గప్పుడు ఇదన్న తయారుండాలె" అంది. నేనూ పక్కన కూర్చుని రుద్దాను. నూనె పీల్చుకున్న బూడిద నల్లగా ముద్దలు ముద్దలుగా రాలింది. ఆమె ఏడుస్తోందో, వాన జల్లు పడుతోందో నేను చూడలేదు. తోలు మళ్ళీ వేలికి గరుకుగా తగిలేదాకా రుద్దాం.

మర్నాడు మధ్యాహ్నం వాన వెలిశాక మొదట చప్పుడు వినబడింది. గరగరమనే ఆ లొల్లి. గొలుసుకు అదొక వంక అని చెప్పాడు కదా మామ. నా జన్మలో అంత తియ్యటి చప్పుడు నేను వినలేదు. అమ్మమ్మ గుంజ పట్టుకుని నిలబడింది గానీ గేటు దాకా రాలేకపోయింది. అక్కడి నుంచే మామ ముఖం చూసింది. నర్సమ్మే దిగి ముందుగా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఆడపిల్ల పుట్టింది అవ్వా. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నరు. ఇంకో పూట ఆలస్యమైతే నేను కూడా ఏం చేయలేకపోదును."

అమ్మమ్మ అక్కడే కింద కూర్చుండిపోయింది.  మామ నీళ్ళు తాగి, చుట్ట ముట్టించి, అప్పుడు చెప్పాడు దారి సంగతి. తవ్విన మోరీ దగ్గర ఊరివాళ్ళు నలుగురు బండిని ఎత్తి దాటించారట. మిలిటరీ లారీలు ఎదురైతే తెల్లగుడ్డనూ నర్సమ్మనూ చూసి పోనిచ్చారట. ఒక వాగు దాటాక బురద గట్టిపడి గొలుసు పళ్ళ మీంచి ఎగిరి ఇరుక్కుపోయిందట. లంకె విప్పి, కడిగి, మళ్ళీ కలపాల్సి వచ్చింది. మామ వేలు పని చేయదు. నర్సమ్మను చేయమంటే ఆమె భయపడింది.

"మా కోడలు చిన్నపిల్ల, అది వెట్టింది. కాన్పులు చేసే చేతులు మీయి, మీకు రాదా అన్న" అని మామ నవ్వాడు.

"చేప తల ముందుకు ఉండాలంట కదా" అంది నర్సమ్మ నా బుగ్గ గిల్లుతూ. "నేను మర్చిపోను ఇక."

అక్కడికి కొంచెం ముందే రోడ్డు పక్క తుమ్మచెట్ల కింద కొత్త బండి పడి ఉందట. పైకి ఒక గీత కూడా లేదు. వెనక చక్రం మాత్రం బిగుసుకుపోయింది. లోపల ఏమైందో ఆ తుపాకుల వాళ్ళకు తెలియలేదు, విప్పడం చేతకాలేదు, వదిలేసి నడిచిపోయారు. "దాని తప్పేం లేదు. మంచి బండి. దాని తొవ్వ గాదు అది, అంతే" అన్నాడు మామ. తనను కొట్టి తీసుకుపోయిన బండి గురించి కూడా అతను న్యాయంగానే మాట్లాడాడు.

రోడ్లు నెమ్మదించాక అక్కను పసిబిడ్డతో సహా కచ్చరంలో ఇంటికి తెచ్చుకున్నాం. దొర తిరిగి వచ్చాక మామ మూడు బండ్లూ లెక్కగా అప్పజెప్పాడు, ఆ శాఫ్టుదాన్ని కూడా ఎడ్లతో లాగించుకొచ్చి. అతని బొటనవేలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. ఆ వేలితోనే తర్వాత ఎన్నో ఏళ్ళు బస్సు నడిపాడు. పోయి చాలా కాలమైంది.

నన్ను బడికి పంపలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు, ఎవరినీ తప్పు పట్టను. పెళ్ళి, పిల్లలు, పొలం పనులతో ఏళ్ళు గడిచాయి. కాగితమంటే మాత్రం నాకు ఆ కొత్త బండి గుర్తుకొచ్చేది. మూత లోపల ఏదో తిరుగుతుంది, దాన్నిబట్టి మన బతుకు ముందుకో వెనక్కో కదులుతుంది, లోపల ఏముందో విప్పి చూడడం మనవల్ల కాదు. ఎవరో చదివి చెబితే సరే అనడమే.

ఆ వానలో పుట్టిన పిల్ల పెరిగి పంతులమ్మ అయింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక మా ఇంటికి వచ్చి పలక ముందు పెట్టింది. ఈ వయసులో నాకెందుకే, ఏ చదువు చదివి ఏం చేయాలి అన్నాను. నేనే దానికి చిన్నప్పుడు వందసార్లు చెప్పిన మాటను తిప్పి నామీదే వేసింది.

"ఎక్కడికి పోవాల్నని ఉన్నదో ముందుగాల చెప్పు చిన్నమ్మా. ఏం నేర్పాల్నో గప్పుడు నేను చెప్త."

నేను ఆలోచించుకుని చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మా మామ దగ్గరికి పోవాలని ఉంది, అన్నాను. అతని పేరు ఏ కాగితంలోనూ లేదు. అతని గురించి నా చేత్తో రాయాలని ఉంది. అది నవ్వలేదు. నా వేళ్ళ మధ్య బలపం పెట్టింది. చేతివ్రాత వంకరపోయినప్పుడల్లా, "తొందరేం లేదు" అనేది. ఆ మాట ఎవరిదో దానికి తెలియదు. దాని పుట్టుకకు ముందటిది ఆ మాట.

మొన్న మా మనవడు కొత్త బండి తెచ్చాడు. గొలుసు లేదు, పట్టా ఉంది. పట్టాల కాలం మళ్ళీ వచ్చిందా అని నవ్వుకున్నాను. ఇప్పటి పట్టాకు లోపలి వైపు పళ్ళున్నాయి, వానలో జారదట. అయినా పూజ చేసేటప్పుడు దానికి మాత్రం నూనె తగలనీయకని గట్టిగా చెప్పాను. ఎందుకని అడిగాడు. మా అమ్మమ్మను అడుగు అన్నాను. వాడి పాత బండి, గొలుసుది, ఇంకా వాకిట్లోనే ఉంది. గోడ పట్టుకుని వంగి, ఆ ఒక్క లంకెను వెతికి చూడడం నాకు అలవాటు. కళ్ళు సరిగా ఆనవు, వేలితో తడుముతాను.

ఇదంతా రాయడానికి చాలా నాళ్ళు పట్టింది. ఒక్కో మాట పెట్టి, తీసి, తిప్పి పెట్టుకుంటూ వచ్చాను. మామా, నువ్వు ఒకసారి వేలితో తడిమి చూస్తే నాకు ఫికర్ ఉండదు.